కొండదారికి గోడే కాపలా

సరిహద్దు రహదారులంటే మనకు గుర్తొచ్చేవి సొరంగాలు, వంతెనలు. ప్రారంభోత్సవాలు జరిగేదీ వాటికే. అటల్ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లని చాలామందికి తెలుసు. దానికి అటూ ఇటూ రోడ్డును పట్టి ఉంచే గోడల గురించి ఎవరూ అడగరు. మంచు పడకముందే ముందువరస స్థావరాలకు శీతకాలపు రేషన్, కిరోసిన్, మందుగుండు చేర్చాల్సిన సైన్యానికి మాత్రం ఒక్క గోడ జారి వారం రోజులు దారి మూసుకుపోవడం చిన్న విషయం కాదు.

కొండదారికి రెండు వైపులా గోడలుంటాయి. కొండ వైపు చరియను ఆపేది బ్రెస్ట్ వాల్. లోయ వైపు రోడ్డును మోసేది రిటైనింగ్ వాల్. మొదటిది పడితే డోజర్‌తో మట్టి తోసేసి దారి తెరవవచ్చు. రెండోది పడితే తెరవడానికి రోడ్డే మిగలదు.

పాతకాలపు రాతి గోడ తన బరువుతోనే మట్టిని ఆపుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ అడుగున వెడల్పు పెరగాలి, ఇరుకు దారిలో అంత చోటుండదు. అలాంటిచోట ఆర్‌సీసీ కాంటిలివర్ గోడ కడతారు. దాని పాదం మీద పడే మట్టి బరువే గోడను పడిపోకుండా పట్టుకుంటుంది. ఇంకా ఎత్తయితే వెనక కౌంటర్‌ఫోర్ట్ పలకలు జోడిస్తారు. జవాన్లకు బాగా పరిచయమైనది గేబియన్, అంటే రాళ్లు నింపిన ఇనుప తీగల బుట్ట. సిమెంటు అక్కర్లేదు కాబట్టి గడ్డకట్టే చలిలోనూ కట్టవచ్చు. నేల కాస్త కుంగితే తానూ వంగుతుంది తప్ప విరగదు. మోటుగా ఉంటుంది, ఫొటోలకు పనికిరాదు, అంతే.

మట్టి పొరల మధ్య జియోగ్రిడ్ పరిచి కట్టే గోడలు వీటికన్నా కొత్తవి. 2018లో ప్రారంభమైన సిక్కింలోని పాక్యాంగ్ విమానాశ్రయం అలాంటి 70 మీటర్లకు పైబడిన కట్టడం ఆసరాతోనే కొండ అంచున నిలిచింది. చైనా సరిహద్దు అక్కడికి సుమారు 60 కిలోమీటర్లే.

అయితే ఏ రకం గోడకైనా అసలు శత్రువు నీరు. పొడి మట్టి తన బరువులో సుమారు మూడో వంతు ఒత్తిడినే గోడపై పక్కకు నెడుతుంది. నీరు పూర్తి ఒత్తిడితో నెడుతుంది. వెనక నీరు నిలిస్తే గోడపై భారం రెట్టింపు దాటుతుంది. వీప్ హోళ్లు, గోడ వెనక కంకర పొర అందుకే. కంట్రాక్టరు మొదట మిగుల్చుకునేదీ ఆ కంకరే, ఎందుకంటే గోడ లేచాక అది ఎవరికీ కనబడదు.

2021 డిసెంబరులో సుప్రీంకోర్టు రక్షణ అవసరాల దృష్ట్యా రిషికేశ్–మానా, రిషికేశ్–గంగోత్రి, తనక్‌పూర్–పిథోరాగఢ్ దారులను రెండు వరుసలుగా వెడల్పు చేయడానికి అనుమతించింది. ఫిరంగులు, క్షిపణి వాహనాలు వెళ్లాలంటే ఆ వెడల్పు కావలసిందే, అందులో నాకు సందేహం లేదు. నా అభ్యంతరం వరుస క్రమం మీద. వేసవిలో కొండను నిలువుగా కోసి, గోడను వచ్చే ఏడాదికి వదిలేస్తే మధ్యలో వచ్చే వర్షాకాలం ఆగదు. గోడ, కాలువ పూర్తయ్యాకే ఆ ముక్కకు తవ్వకం బిల్లు చెల్లించాలి. వానలకు ముందు వీప్ హోళ్లలో మట్టి, గడ్డి తీయడానికి ఒక గ్యాంగు, నాలుగు గడ్డపారలు చాలు. ఆ పనికి నిర్వహణ పద్దులో విడిగా సొమ్ము చూపించాలి.