తాబేలుకి దగ్గరగా, లొకేషన్ లేకుండా

మా ఏరియా చెరువులో పొద్దున్నే తాబేళ్లు రాళ్లెక్కి ఎండ కాగుతుంటాయి. వాటి ఒంటికి సొంత వేడి ఉండదు, ఎండే ఛార్జర్. మనం ఫోన్ పట్టుకుని గబగబా వెళ్తే బుడుంగున నీళ్లలోకి! అంటే సగం ఛార్జింగ్‌లో ప్లగ్ పీకేశాం అన్నమాట.

అందుకే నేను దూరంగా కూర్చుని, మెల్లగా జరుగుతాను. నేల అదిరినా, నీడ కదిలినా వాటికి తెలిసిపోతుంది. మెడ లోపలికి లాక్కుందా, ఆగిపోవాలి. ఫోన్‌ని నీటి మట్టానికి దించి, కంటి మీద ఫోకస్ పెట్టాలి. నిలబడి పైనుంచి తీస్తే వచ్చేది వట్టి డిప్పే.

అసలు జాగ్రత్త తీశాకే. వెనక కాళ్లని చర్మపు మూతలతో కప్పుకునే తాబేలు మన చెరువుల్లో మామూలే. కానీ అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. పట్టుకోవడం, ఇంట్లో పెంచుకోవడం నేరం. అయినా మాంసానికీ, అమ్మకానికీ పట్టేవాళ్లున్నారు. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో ఫైల్లోని ఎగ్జిఫ్ డేటాలో జీపీఎస్ అంకెలు చేరతాయి, చెరువు అడ్రస్ రాసిచ్చినట్టే. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అవి పోతాయి. క్వాలిటీ కోసం డాక్యుమెంట్‌గా పంపారనుకోండి, అలాగే వెళ్తాయి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. క్యాప్షన్‌లో చెరువు పేరూ వద్దు. నేనూ ఇక్కడ రాయలేదు కదా!