ఫీజు లేదు సరే... మరి ఈ పన్నెండు లక్షలు దేనికి?

జర్మనీలో సీటొచ్చిందని చెప్పిన రోజు బాపు ఒక్కటే అడిగాడు. "ఫీజు లేదంటివి గదా బిడ్డా... మరి ఈ పన్నెండు లక్షలు దేనికి?"

నా దగ్గర సరైన జవాబు లేదు. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన 'ఫ్రీ ఎడ్యుకేషన్' అన్న మాట తప్ప నాకూ ఏం తెలీదు. ఇప్పుడు తెలుసు. మీలో ఎవరైనా జర్మనీ అనుకుంటుంటే, నేను తెలుసుకున్న లెక్కలు మీకు పనికొస్తాయని రాస్తున్నాను.

ఆ డబ్బు ఎవరిది?

ఆ పన్నెండు లక్షలు కాలేజీకి కట్టేది కాదు. దాని పేరు బ్లాక్డ్ అకౌంట్. వీసా కావాలంటే ఏడాదికి సరిపడా ఖర్చు, అంటే 11,904 యూరోలు, ముందే ఆ ఖాతాలో వేసి చూపించాలి. అప్పట్లో యూరో వంద రూపాయల దగ్గర తిరిగేది కాబట్టి సుమారు 12 లక్షలైంది. అక్కడికి వెళ్లాక నెలకి 992 యూరోల చొప్పున మన డబ్బే మనకి తిరిగిస్తారు.

దానికి తోడు ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18 వేలు, వీసాకి 75 యూరోలు, ఇంగ్లిష్ పరీక్ష, విమానం టికెట్, చలికోటు. నాకు ఇవన్నీ కలిపి మరో లక్షన్నర అయింది. మొత్తం పదమూడున్నర లక్షలు.

ఇంకో మాట. జర్మనీ అంతటా ఫీజు లేదనుకోకండి. స్టుట్‌గార్ట్, హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 యూరోల దాకా.

నేను చేసిన తప్పు

బాపు దగ్గర మిర్చి డబ్బులు, అమ్మ చీటీ కలిపి ఐదున్నర లక్షలున్నాయి. మిగతాది బ్యాంకు లోన్ అనుకున్నాం. "అడ్మిషన్ లెటర్ వచ్చాకే బ్యాంకుకి వెళ్లండి" అంది కన్సల్టెన్సీ. లెటర్ వచ్చింది, బ్యాంకుకి వెళ్లాం. ఆ కాగితం లేదు, ఈ సంతకం లేదు అని ఆరు వారాలు తిప్పారు. ఈలోగా వీసా అపాయింట్‌మెంట్ వచ్చేసింది.

బాపు ఊళ్లో 8 లక్షలు అప్పు తెచ్చాడు, నూటికి రెండు రూపాయల వడ్డీకి. నెలకి 16 వేలు, ఏడాదికి దాదాపు రెండు లక్షలు. నా డబ్బేమో జర్మనీ ఖాతాలో కదలకుండా ఉంది, వడ్డీ మాత్రం మా ఇంటి గడపలో కూర్చుంది.

ప్రభుత్వ బ్యాంకులు ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండానే చదువు లోన్ ఇస్తాయి, తల్లో తండ్రో కలిసి సంతకం పెడితే చాలు. యూనివర్సిటీలకి అప్లై చేసిన రోజే బ్యాంకులో అడిగి, ఏమేం కాగితాలు కావాలో రాసుకుని సిద్ధం చేసుకుని ఉంటే ఆ వడ్డీ తప్పేది.

నా నెల ఖర్చు

నేనుండేది తూర్పు జర్మనీలో చిన్న సిటీ. హాస్టల్ గది 290, ఆరోగ్య బీమా 145, వంట సామాను 170, సెమిస్టర్ కంట్రిబ్యూషన్ నెలకి పంచుకుంటే 50, ఫోను, చిల్లర ఖర్చులు 100. మొత్తం 755 యూరోలు. మ్యూనిక్‌లో అయితే గదికే ఇందులో సగానికి పైగా పోతుంది.

మొదటి మూడు నెలలు మిగిలిందంతా గది డిపాజిట్‌కి, గిన్నెలకి సరిపోయింది. నాలుగో నెల నుంచి బాపుకి 16 వేలు పంపగలిగాను.

పార్ట్‌టైమ్‌తో అన్నీ కట్టేయొచ్చన్నది నమ్మకండి. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేసుకోవచ్చు, రూల్ అది. కానీ పని దొరకాలి కదా! జర్మన్ రాక నాకు ఐదు నెలలు ఏదీ దొరకలేదు. తర్వాత గోడౌన్‌లో డబ్బాలు సర్దే పని దొరికింది. రెండో ఏడాది పర్మిట్ పొడిగించుకోవడానికి మళ్లీ డబ్బు చూపించాలి, అది మర్చిపోవద్దు.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకి అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకి జ్యోతిబా ఫూలే విద్యానిధి ఉన్నాయి. కుటుంబ ఆదాయం 5 లక్షల లోపుంటే 20 లక్షల వరకు ఇస్తారు. కాకపోతే డబ్బు వచ్చేది మనం అక్కడ దిగాక, విడతలుగా. కాబట్టి వీసాకి చూపించే డబ్బు వేరే చూసుకోవాల్సిందే.

జర్మనీ వాళ్ల డాడ్ స్కాలర్‌షిప్ వస్తే నెలకి 992 యూరోలు. కొన్ని కోర్సులకి రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు. చేరడానికి ఏడాది ముందు నుంచే చూసుకోవాలి.

ఎక్కువమందికి తెలియనిది డాయిష్‌లాండ్ స్టిపెండియం. నెలకి 300 యూరోలు, సగం ప్రభుత్వం, సగం దాతలు ఇస్తారు. ఏ దేశం వాళ్లైనా అప్లై చేయొచ్చు. మార్కులతో పాటు మన ఇంటి పరిస్థితి కూడా చూస్తారు. మొదటిసారి నాకు రాలేదు. రెండోసారి బాపు అప్పు గురించి, గోడౌన్ పని గురించి ఉన్నదున్నట్టు రాశాను. వచ్చింది.

ఆ 300 నేరుగా అసలుకే పంపుతున్నాను. ఇంకా నాలుగు లక్షలుంది. మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, నేనూ జర్మనీ వస్తా, ఫ్రీ కదా" అన్నాడు.

"ముందు బ్యాంకుకి పోయి రా తమ్ముడూ, తర్వాత మాట్లాడదాం" అన్నాను.