కంటికి కనిపించని ప్లాస్టిక్‌ను ఎలా పట్టుకుంటారు?

ప్లాస్టిక్ బకెట్‌ను ఏళ్ల తరబడి ఎండలో వదిలేస్తే రంగు వెలిసి, పెళుసుబారి, చెయ్యి తగిలితే చాలు పెచ్చులూడుతుంది. ఎందుకు? ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని పొడవాటి అణువుల గొలుసులను తెంచేస్తాయి. ముక్క ఇంకా చిన్న ముక్కలవుతుందే గానీ ఓ పట్టాన మాయమవదు. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలే మైక్రోప్లాస్టిక్‌లు.

బట్టల నుంచీ ఇవి రాలతాయి. 6 కిలోల అక్రిలిక్ బట్టలను మెషీన్‌లో ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు ఊడిరావచ్చని బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం 2016లో లెక్కగట్టింది. రోడ్ల మీద అరిగే టైర్ల సంగతి సరేసరి.

మరి చెరువు నీళ్లలో వీటిని వెతికేదెలా? ముందు నీటిని వడగడతారు. వడపోత కాగితం మీద నాచు, ఇసుక, ప్లాస్టిక్ కలగలిసి ఉంటాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నాచు కరిగిపోతుంది. చిక్కటి ఉప్పునీళ్లలో వేస్తే ఇసుక అడుక్కి దిగి, చాలా రకాల ప్లాస్టిక్ పైకి తేలుతుంది. ఆ నలుసుల మీద లేజర్ కాంతి వేస్తారు. ఒక్కో పదార్థం దాన్ని ఒక్కోలా వెదజల్లుతుంది కాబట్టి ఏది పాలిథీన్, ఏది నైలాన్ అన్నది తేలిపోతుంది. విశాఖపట్నంలో బడికెళ్లిన సి.వి. రామన్ 1928లో కనిపెట్టిన ప్రభావమే ఇది!

అసలు తంటా ఎక్కడంటే, పరిశోధకుల చొక్కా పోగు రాలినా లెక్క తప్పుతుంది. అందుకే నూలు కోటు వేసుకుంటారు, బయటి నుంచి ఎన్ని పోగులు పడ్డాయో తెలిసేలా శుద్ధమైన నీటినీ పక్కనే పరీక్షిస్తారు.

2024లో అమెరికా పరిశోధకులు లీటరు సీసా నీటిలో సగటున 2,40,000 నలుసులు లెక్కపెట్టారు. వాటిలో 90 శాతం మైక్రో కన్నా చిన్నవైన నానోప్లాస్టిక్‌లు. ఒంటికి ఎంత హాని అన్నది ఇంకా తేలలేదు. ఒక్కో ప్రయోగశాల ఒక్కో సైజు వరకే లెక్కపెడుతుండటంతో, ఒకరి అంకెలను మరొకరివాటితో పోల్చడమే కష్టంగా ఉంది.