నల్లా ఎండితే ఎవరిని అడగాలి?

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు చలికాలంలో ఒక భయం ఉంటుంది. ఇంటికి వెచ్చదనమిచ్చే యంత్రం ఆగిపోతే చంటిపిల్లలతో ఆ రాత్రి ఎలా గడపాలి? అందుకే న్యూయార్క్ నగరంలో దీనికి కచ్చితమైన నిబంధన ఉంది. అక్టోబరు 1 నుండి మే 31 వరకు, పగలు బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తగ్గితే లోపల కనీసం 68 డిగ్రీలు, రాత్రివేళ 62 డిగ్రీలు ఉండేలా భవన యజమాని చూడవలసిందే.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో మనకు అలాంటి చలి లేదు. కాని ఏప్రిల్, మే నెలలు వస్తే మన అపార్టుమెంట్లలోనూ ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. బోరు ఎండిపోతుంది. మోటారు కాలిపోతుంది. లిఫ్టు ఆగిపోతుంది. నాలుగో అంతస్తులో ఉన్న వృద్ధురాలు బిందె పట్టుకొని మెట్లు దిగవలసి వస్తుంది. బిల్డరును అడిగితే అసోసియేషన్‌ను అడగమంటాడు, అసోసియేషన్‌ను అడిగితే బిల్డరు వైపు చూపిస్తుంది. జీవితకాలపు పొదుపుతో, బ్యాంకు అప్పుతో ఫ్లాటు కొన్న కుటుంబం ఎవరిని అడగాలి? ఈ విషయమై ప్రతి గృహస్థుడు, ప్రతి గృహిణి తెలుసుకోదగిన సంగతులు కొన్నింటిని ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

నీరు దయాధర్మం కాదు

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు సంబంధించిన కేసులో, 2000 సంవత్సరంలో, తాగునీరు పొందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. మన నగరపు చెరువుల విషయంలోనే ఈ మాట వెలువడిందని మనం గుర్తుంచుకోవాలి. 2004లో కృష్ణా మొదటి దశ నీరు నగరానికి చేరింది. అయినా జలమండలి నీరు అపార్టుమెంటు సంపు వరకే వస్తుంది. అక్కడి నుండి పైట్యాంకుకు, పైట్యాంకు నుండి మన వంటింటికి చేర్చే బాధ్యత భవనాన్ని నిర్వహించేవారిదే. ఫ్లాటు మనదే, కాని సంపు అందరిది. తగాదా పుట్టేది ఇక్కడే.

బిల్డరు బాధ్యత ఎంతవరకు?

ముందుగా మీ భవనానికి అనుమతి ఏ సంవత్సరంలో వచ్చిందో చూడండి. తెలంగాణలో 2017 జనవరి 1 తరువాత అనుమతి పొంది, ఎనిమిదికి మించి ఫ్లాట్లు ఉన్న, లేదా 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో కట్టిన భవనాలకు సాధారణంగా రెరా చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం సంపులు, ట్యాంకులు, మోటార్లు, లిఫ్టులు అందరి ఉమ్మడి భాగాలు. అసోసియేషన్ నిర్వహణను చేపట్టేంతవరకు తగిన రుసుము తీసుకొని నీరు, లిఫ్టు మొదలైన అవసర సేవలు నడిపించవలసినవాడు బిల్డరే. ఫ్లాటు స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు నిర్మాణంలో గాని, సేవల ఏర్పాటులో గాని లోపం బయటపడి, దానిని అతని దృష్టికి తెస్తే, 30 రోజులలో తన ఖర్చుతో సరిచేయాలి. లేకపోతే రెరా సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు.

మరి 1990లలో, 2000 తరువాత దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట వీధులలో లేచిన పాత అపార్టుమెంట్ల మాట? వాటికి 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం ఉంది. ఫ్లాటుతోపాటు ఉమ్మడి స్థలంలో విభజించని వాటా కూడా మనకు దక్కుతుంది. కనుక పైట్యాంకు మీద మొదటి అంతస్తువారికి ఎంత హక్కో చివరి అంతస్తువారికీ అంతే.

వినియోగదారుల కమిషన్ తలుపు కూడా తెరిచే ఉంది. గృహనిర్మాణం కూడా సేవే అని లక్నో అభివృద్ధి సంస్థ కేసులో 1993లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఫ్లాటుకు చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. 20 లక్షలు దాటి 50 లక్షల వరకు రుసుము 1,000 రూపాయలు మాత్రమే. న్యాయవాది లేకుండా మనమే వాదించుకోవచ్చు. అయితే లోపం జరిగిన రెండేళ్లలోపు వెళ్ళాలి. సలహా కావాలంటే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

అసోసియేషనే చేయకపోతే?

చాలా భవనాలలో అసోసియేషన్ అంటే అయిదారుగురు మాత్రమే. మిగిలినవారు సమావేశానికి రారు, బోరు ఎండిన రోజు మాత్రం కేకలు వేస్తారు. ముందు మనం సభ్యులుగా మన పని చేయాలి. లెక్కలు చూపమని, బైలాలు ఇవ్వమని, సర్వసభ్య సమావేశం పెట్టమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట గాలికి పోతుంది, కాగితం నిలుస్తుంది. అందిన రోజు తేదీతో సంతకం తీసుకోండి. ట్యాంకరు రశీదులు, మోటారు బాగుచేయించిన బిల్లులు దాచిపెట్టండి.

అప్పటికీ కదలిక లేకపోతే, సంఘం 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరయి ఉంటే, సభ్యులు మధ్యవర్తిత్వం కోరవచ్చు, లేదా జిల్లా కోర్టుకు వెళ్ళవచ్చు. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్.బి.నగర్‌లోనే ఉన్నాయి. లోపం జలమండలి సరఫరాలోనే ఉంటే 155313కు ఫిర్యాదు చేయాలి. అక్కడా పరిష్కారం దొరకకపోతే, ప్రజోపయోగ సేవల శాశ్వత లోక్ అదాలత్ ఉంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయ సహాయం చేస్తుంది.

రెండు పొరపాట్లు

నీళ్ళు రాలేదన్న కోపంతో మెయింటెనెన్స్ ఆపేయడం మొదటి పొరపాటు. రెరా చట్టం మన మీద కూడా ఆ బాధ్యత పెట్టింది. ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టవలసి వస్తుంది. పైగా డబ్బు లేనిదే మోటారు బాగుపడదు. డబ్బు కట్టి, అభ్యంతరాన్ని రాసి ఇవ్వడమే మేలు.

బకాయి ఉన్న ఇంటికి నీళ్ళు కట్టివేయడం రెండవది. బాకీ రాబట్టుకోవడానికి నోటీసు ఉంది, కోర్టు ఉంది. ఆ ఇంట్లో ఉద్యోగం పోయిన తండ్రి ఉండవచ్చు, మంచాన పడిన తల్లి ఉండవచ్చు. వాల్వు తిప్పేముందు ఆ గడపలోకి వెళ్ళి ఒక మాట అడిగితే చాలా తగాదాలు అక్కడే ముగుస్తాయి.

ఈ వేసవి రాకముందే మీ అంతస్తులో ఉన్న నాలుగు కుటుంబాలు ఒకచోట కూర్చోండి. బోరు లోతు ఎంత, ఇంకుడు గుంత పనిచేస్తున్నదా, నిధిలో ఎంత ఉంది అని అడిగి తెలుసుకోండి. హక్కు కోసం ఒంటరిగా పోరాడేవాడు త్వరగా అలసిపోతాడు. పదిమంది సంతకాలున్న కాగితాన్ని మాత్రం ఏ బిల్డరూ తేలికగా పక్కన పెట్టలేడు.