శ్వేతపత్రం ఓటుకు ముందే రావాలి

ప్రజాధనం పాలకుల చేతిలోని అమానత్. దానిని దేనికి ఖర్చు చేస్తున్నారో, దేనికి కోత పెడుతున్నారో తెలుసుకునే హక్కు ప్రజలకు ఉంది. ఆ వివరం ఓటు వేయడానికి ముందు అందితేనే ఆ హక్కుకు అర్థం.

మన రెండు రాష్ట్రాల్లో జరిగింది ఇందుకు విరుద్ధం. తెలంగాణలో 2023 నవంబర్ 30న పోలింగ్ జరిగింది. రాష్ట్రం అప్పు 6.71 లక్షల కోట్ల రూపాయలని చెప్పిన శ్వేతపత్రం డిసెంబర్ 20న శాసనసభకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న పోలింగ్ జరగగా, ఆర్థిక స్థితిపై శ్వేతపత్రం జూలైలో వెలువడింది. రెండు చోట్లా లెక్క చెప్పినవారు గెలిచినవారే. ఆ లెక్కను ఓడినవారు ఒప్పుకోలేదు. ఓటరు ఈ వాదప్రతివాదాలు వినే నాటికి అతని తీర్పు పెట్టెలో పడిపోయింది.

అప్పు సంగతి ఇలా ఉండగా, కోతల సంగతి మరింత గుట్టుగా సాగుతుంది. 2022-23లో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖకు బడ్జెట్‌లో సుమారు 5,020 కోట్లు చూపారు. ఏడాది తిరిగేసరికి సవరించిన అంచనాలో అది సుమారు 2,612 కోట్లకు దిగింది. ఆ మధ్యకాలంలోనే 1 నుంచి 8వ తరగతి వరకు ప్రీ మెట్రిక్ ఉపకారవేతనం, పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ నిలిచిపోయాయి. ఎనిమిదో తరగతి వరకు ఉచిత విద్య చట్టబద్ధంగా అందుతోందని, ఫెలోషిప్ ఇతర పథకాలతో కలిసిపోతోందని ప్రభుత్వం కారణాలు చెప్పింది. వాటిపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. అయితే ఇటువంటి నిర్ణయాన్ని కుటుంబాలు ముందుగా తెలుసుకోవాలి కదా!

సుప్రీంకోర్టు 2013 నాటి తీర్పు తరువాత, వాగ్దానాలకు నిధులు ఎలా సమకూరుస్తారో మేనిఫెస్టోలో స్థూలంగా సూచించాలని ఎన్నికల సంఘం మార్గదర్శకాలు చేర్చింది. కానీ ఆ వాగ్దానం కోసం ఏ పథకాన్ని తగ్గిస్తారో ఏ పార్టీ రాయదు. ఇచ్చేది పెద్ద అక్షరాలలో ఉంటుంది, తీసుకునేది అసలే ఉండదు.

ఆస్ట్రేలియాలో 1998 నాటి చట్టం ప్రకారం, ఎన్నికల ఉత్తర్వు వెలువడిన 10 రోజులలోగా దేశ ఆర్థిక స్థితి నివేదికను ప్రకటించాలి. దానిని రూపొందించి బాధ్యత వహించేది మంత్రులు కారు, ఆర్థిక శాఖల ఉన్నతాధికారులు. అందువల్ల ఏ పార్టీ అయినా ఒకే లెక్కపై నిలబడి మాట్లాడవలసి ఉంటుంది. మనకూ అటువంటి చట్టం అవసరం.

అది వచ్చేవరకు మనం చేయగలిగింది ఉంది. బడ్జెట్ పత్రాల్లో మూడు అంకెలు ఉంటాయి: అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం. పత్రికలు ఎక్కువగా మొదటిదాన్నే ప్రచురిస్తాయి. సత్యం మూడవదానిలో ఉంటుంది. మన గడపకు వచ్చే అభ్యర్థిని “ఏమిస్తారు?” అని అడగడంతో ఆగకుండా, “గతంలో కేటాయించినదానిలో ఎంత ఖర్చయింది? ఈసారి దేనికి తగ్గిస్తారు?” అని కూడా అడగాలి.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పును సాక్షుల ఎదుట రాసుకోవడం గురించినదే. రాత అవసరమయ్యేది లావాదేవీ జరిగే వేళ, తగవు పుట్టిన తరువాత కాదు. ఇరుగుపొరుగు అప్పుకే ఇంత జాగ్రత్త అవసరమైతే, కోట్లాది జనం పేరిట చేసే అప్పుకు ఎంత ఉండాలి?