పి.కె. రోసీ: మలయాళ తొలి కథానాయికను ఊరు విడిపించిన కులం

2023 ఫిబ్రవరి 10న గూగుల్ తన మొదటి పేజీలో ఒక స్త్రీ బొమ్మ వేసింది. పి.కె. రోసీ 120వ జయంతి సందర్భంగా వేసిన బొమ్మ అది. దేశంలో చాలామంది ఆ పేరు వినడం అదే మొదటిసారి. కేరళలో కూడా ఒక తరం క్రితం వరకు ఆమె పేరు తెలిసినవాళ్లు తక్కువే. కానీ ఆమె మలయాళ సినిమాకు మొదటి కథానాయిక. పులయ కులంలో పుట్టిన దళిత స్త్రీ. ఒకే ఒక్క సినిమాలో నటించింది. ఆ సినిమా విడుదలైన కొద్ది రోజులకే సొంత ఊరు వదిలి పారిపోవాల్సి వచ్చింది.

సినీతారల జీవిత కథల్లో సాధారణంగా ఎన్ని సినిమాలు, ఎన్ని అవార్డులు, ఎంత పారితోషికం అని లెక్కలుంటాయి. రోసీ కథలో ఆ లెక్కలేవీ లేవు. ఆమె నటజీవితం ఎందుకు ఒక్క సినిమాతో ఆగిపోయింది, ఎవరు ఆపారు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

గడ్డి కోసిన చేతులు, వేషం కట్టిన ముఖం

రోసీ అసలు పేరు రాజమ్మ. తిరువనంతపురంలో నిరుపేద పులయ కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి చనిపోయాడు. గడ్డి కోసి అమ్ముకుంటూ, కూలి పని చేసుకుంటూ పెరిగింది. ఆ కాలంలో దక్షిణ తిరువాంకూరులో చాలా దళిత కుటుంబాలు క్రైస్తవంలోకి వెళ్లాయి. ఆ మార్పు ఆమె ఇంటినీ తాకింది. రోసీ అన్న పేరు అలా వచ్చిందనే కథనం ఉంది. సినిమా కోసం పెట్టిన పేరు అనే వాదనా ఉంది.

ఆమె సినిమాలోకి నేరుగా రాలేదు. అంతకు ముందే నాటకాల మనిషి. దక్షిణ కేరళలో కాక్కారిశ్శి నాటకం అనే జానపద రూపం ఉంది. శివుడు, పార్వతి సంచార జాతి దంపతులుగా వేషం మార్చుకుని భూమ్మీదికి వచ్చి, సోది చెబుతూ, ఆడుతూ పాడుతూ, ఊరి పెద్దలను ఎగతాళి చేసే ఆట అది. మన యక్షగానాల్లో ఎరుకలసాని ఘట్టం తెలిసినవారికి ఆ వాతావరణం సులభంగానే అర్థమవుతుంది. అందులో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. ఆ ఆటలో రోసీ స్వయంగా వేషం కట్టింది. అంటే ఆమె సినిమా అవకాశం అనుకోకుండా దొరికిన అమాయక కూలిపిల్ల కాదు. జనం ముందు నిలబడి ఆడి పాడిన కళాకారిణి. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి, తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

డేనియల్ తీసిన మూకీ

జె.సి. డేనియల్ నాడార్ క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చినవాడు. కళరిపయట్టు మీద ఇష్టంతో మొదలై సినిమా దాకా వెళ్లాడు. ఆస్తి అమ్మి తిరువనంతపురంలో ట్రావంకూర్ నేషనల్ పిక్చర్స్ పేరుతో స్టూడియో పెట్టాడు. ‘విగతకుమారన్’ అనే మూకీ సినిమా తీశాడు. రచన, దర్శకత్వం, ఛాయాగ్రహణం, కథానాయకుడి వేషం, అన్నీ ఆయనే.

దేశంలో అప్పటికి పురాణ కథల సినిమాలదే జోరు. డేనియల్ మాత్రం సాంఘిక కథ తీసుకున్నాడు. తిరువాంకూరులో ఒక సంపన్న కుటుంబం నుంచి పిల్లవాడిని ఎత్తుకుపోయి సిలోన్ చేరుస్తారు. అతను అక్కడి తోటల్లో పెరిగి పెద్దవాడై చివరికి తనవాళ్లను కలుసుకుంటాడు. ఈ కథలో నాయిక పేరు సరోజిని, నాయర్ యువతి.

ఆ వేషానికి ఆడమనిషి దొరకడం పెద్ద సమస్య అయింది. 1913లో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ తీసినప్పుడు తారామతి వేషం మగవాడే వేశాడు. ఆ తర్వాత కూడా ‘మంచి కుటుంబాల’ ఆడవాళ్లు కెమెరా ముందుకు రావడానికి సమాజం ఒప్పుకోలేదు. అందుకే మూకీల కాలంలో ఆంగ్లో ఇండియన్, యూదు నటీమణులు సులోచన, సీతాదేవి వంటి హిందూ పేర్లతో తెరమీద కనిపించారు. డేనియల్ కూడా మొదట బొంబాయి నుంచి ఒక నటిని రప్పించాడు. అది కుదరలేదు. అప్పుడు నాటకాల్లో వేషం కడుతున్న రోసీని తీసుకున్నాడు.

మొదటి ఆట

సినిమాను తిరువనంతపురంలోని క్యాపిటల్ థియేటర్‌లో ప్రదర్శించారు. తేదీ 1928 నవంబర్ 7 అని చాలాకాలం రాశారు. 1930 అక్టోబర్ 23 అని తర్వాతి పరిశోధకులు కొందరు వాదించారు. తేదీ మీద తేడాలున్నా, అక్కడ జరిగినదాని మీద కథనాలు దాదాపు ఒకే మాట చెబుతాయి.

ప్రారంభోత్సవానికి పిలిచిన ఊరి పెద్దలు ఒక షరతు పెట్టారు. పులయ స్త్రీ హాల్లో కూర్చుంటే తాము రామన్నారు. తాను కథానాయికగా నటించిన సినిమా మొదటి ఆటకు రోసీ బయటే ఉండిపోయింది. లోపల తెరమీద ఆమె నాయర్ స్త్రీగా కనిపించగానే గొడవ మొదలైంది. నాయకుడు ఆమె జడలో పువ్వు తీసి ముద్దు పెట్టుకునే సన్నివేశం రాగానే తెరమీదికి రాళ్లు పడ్డాయి. తెర చిరిగింది. ఆట ఆగిపోయింది.

అక్కడితో ఆగలేదు. రోసీని వెంటాడారు. ఆమె గుడిసెకు నిప్పు పెట్టారు. ప్రాణం దక్కించుకోవడానికి ఆమె ఒక లారీ ఎక్కి తమిళ ప్రాంతానికి పారిపోయింది. మలయాళ తెర మీదికి మళ్లీ రాలేదు.

బట్ట కట్టుకున్న తీరే నేరం

ఇదంతా పిచ్చి మూక ఆవేశం అనుకుంటే చరిత్ర అర్థం కాదు. తిరువాంకూరులో ఎవరు ఏ బట్ట కట్టాలి, ఏ నగ పెట్టాలి, ఏ దారిన నడవాలి అన్నది కులం నిర్ణయించేది. నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు పోరాడారు. దాన్నే చాన్నార్ తిరుగుబాటు అంటాం. 1859లో రాజు ప్రకటన వచ్చింది. కప్పుకోవచ్చు, కానీ పై కులాల స్త్రీలు కప్పుకునే పద్ధతిలో మాత్రం కాదు అన్నది అందులోని మెలిక. శరీరం దాచుకోవడానికి అనుమతి ఇచ్చారు గానీ, సమానంగా కనిపించడానికి ఇవ్వలేదు.

పులయ స్త్రీలకు ఆ మాత్రం కూడా దక్కలేదు. కులానికి గుర్తుగా రాళ్ల పూసల దండలు మెడలో వేసుకోవాల్సి వచ్చేది. 1915లో కొల్లం దగ్గర పెరినాడులో అయ్యంకాళి నాయకత్వంలో ఆ దండలను తెంచి పారేశారు. అదే కల్లుమాల సమరం. అంతకు ముందు 1893లో అయ్యంకాళి ఎద్దుల బండి ఎక్కి నిషేధించిన దారుల్లో నడిపించాడు. 1907లో సాధుజన పరిపాలన సంఘం స్థాపించాడు. పులయ పిల్లలను బడిలో చేర్చడానికి పోరాడాడు. 1924-25లో గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం వైకోం సత్యాగ్రహం జరిగింది. ఆలయ ప్రవేశ ప్రకటన రావడానికి 1936 దాకా ఆగాల్సి వచ్చింది.

రోసీ తెరమీద కనిపించింది ఈ పోరాటాల నడుమ. గుడి తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. అటువంటి ఊళ్లో ఒక పులయ స్త్రీ నాయర్ యువతిలా చీరకట్టు కట్టి, నగలు పెట్టి, జడలో పువ్వు ముడిచి, అందరూ తల పైకెత్తి చూసేంత పెద్ద బొమ్మగా కనిపించింది. 1859 ప్రకటన ఏది వద్దని చెప్పిందో సరిగ్గా అదే తెరమీద జరిగింది. పైగా దాన్ని తీసినవాడు, ఏ స్త్రీల మీద ఆ ప్రకటన వచ్చిందో ఆ నాడార్ సమాజం నుంచి వచ్చినవాడు. అందుకే పువ్వు సన్నివేశం వాళ్లకు శృంగారంగా కనిపించలేదు. తమ ఇంటి స్త్రీ స్థానంలో ‘అంటరాని’ మనిషి నిలబడిందన్నదే వాళ్ల కోపం.

పాత్రకు దొరికిన చోటు

ఇక్కడ తెలుగు సినిమా చరిత్రను ఒకసారి పక్కన పెట్టి చూడాలి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. అందులో మాల యువతి, బ్రాహ్మణ యువకుడి ప్రేమ కథాంశం. నాయికగా నటించిన కాంచనమాల అప్పటికే తెలుగు తెరకు తెలిసిన తార. ఛాందసులు అభ్యంతరపెట్టినా సినిమా ఆడింది, సంస్కరణ చిత్రంగా చరిత్రలో నిలిచింది. ఆ సినిమా విలువను తగ్గించాల్సిన పనిలేదు. కానీ దళిత స్త్రీ పాత్రగా తెరమీదికి రావడం ఒకటి, దళిత స్త్రీ నటిగా రావడం ఇంకొకటి. మొదటిదాన్ని సమాజం జాలిగానో, సంస్కరణగానో భరించగలదు. రెండోదానిలో వేషం, కూలి, పేరు, గుర్తింపు అన్నీ ఆ మనిషివే అవుతాయి. రోసీ అడిగిన చోటు రెండోది.

ఈ తేడా ఇప్పటికీ తీరలేదు. దళిత కథలు తెరమీద కనిపిస్తున్నాయి, వాటికి ప్రశంసలూ వస్తున్నాయి. ఆ కథల్లో నాయికగా దళిత నటి ఎన్నిసార్లు కనిపించిందని తెలుగు, తమిళ, మలయాళ, హిందీ సినిమాలను అడిగితే సమాధానం కోసం వెతుక్కోవాల్సిందే.

రాజమ్మాళ్‌గా మిగిలిన బతుకు

ఆమెను తీసుకెళ్లిన లారీ డ్రైవర్ కేశవ పిళ్లై. ఆమె అతన్నే పెళ్లి చేసుకుంది. నాగర్‌కోయిల్ ప్రాంతంలో రాజమ్మాళ్ పేరుతో బతికింది. భర్త నాయర్. తెరమీద నాయర్ స్త్రీగా నటించినందుకు ఊరు తరిమిన మనిషి, ఆ తర్వాత జీవితమంతా నాయర్ ఇంటి ఇల్లాలిగా గడిపింది. దానికి ఆమె చెల్లించిన మూల్యం మౌనం. పుట్టిన కులం గురించి, వేసిన వేషాల గురించి, నటించిన సినిమా గురించి మాట్లాడకుండా బతకాల్సి వచ్చింది. తల్లి ఒకప్పుడు సినిమా నాయిక అన్న సంగతి సొంత పిల్లలకే సరిగా తెలియదు.

గుర్తింపు దాచుకుని బతకడం అంటే ఏమిటో నగరాల్లో అద్దె ఇల్లు వెతుక్కున్న దళిత విద్యార్థులకు, ఇంటిపేరు చెప్పడానికి తటపటాయించిన ఉద్యోగులకు వివరించనవసరం లేదు. రోసీ విషయంలో ఆ దాపరికం ఒక కళాకారిణిని పూర్తిగా మింగేసింది.

డేనియల్ కూడా నష్టపోయాడు. అప్పులపాలై స్టూడియో మూసేశాడు, రెండో సినిమా తీయలేదు, దంతవైద్యం చేసుకుని బతికాడు. 1975లో చనిపోయాడు. ‘విగతకుమారన్’ రీళ్లు కూడా మిగల్లేదు. రోసీ ఎలా నడిచిందో, ఎలా నవ్విందో మనం ఇక ఎప్పటికీ చూడలేం. ఒక పాత ఫోటో ఆమెదంటూ ప్రచారంలో ఉంది కానీ, అది ఆమెదేనని నిర్ధారణ కాలేదు.

ఎవరు వెలికితీశారు, ఎలా చూపించారు

డేనియల్‌కు న్యాయం జరగాలని సినీ చరిత్రకారుడు చేలంగాట్ గోపాలకృష్ణన్ ఏళ్ల తరబడి రాశాడు. 1992లో కేరళ ప్రభుత్వం డేనియల్ పేరుతో జీవిత సాఫల్య పురస్కారం పెట్టింది. రోసీ కోసం వెతికినవాళ్లలో ముఖ్యుడు దళిత రచయిత కున్నుకుళి ఎస్. మణి. తర్వాత వినూ అబ్రహాం ఆమె జీవితం ఆధారంగా ‘నష్టనాయిక’ నవల రాశాడు. 2013లో కమల్ దర్శకత్వంలో ‘సెల్యులాయిడ్’ సినిమా వచ్చింది.

‘సెల్యులాయిడ్’ రోసీ పేరును ఇంటింటికీ చేర్చింది. దళిత, స్త్రీవాద విమర్శకులు దాన్ని తీవ్రంగా ప్రశ్నించారు కూడా. కథ డేనియల్ త్యాగం చుట్టూ తిరిగింది. రోసీ మాత్రం భయపడే, కృతజ్ఞతతో కుంగిపోయే అమాయకురాలిగా కనిపించింది. నాటకాల్లో జనం ముందు ఆడిన అనుభవజ్ఞురాలు ఎక్కడికి పోయింది అన్నది వారి ప్రశ్న. బాధితురాలిగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం కూడా ఆమె కళను ఇంకోసారి చెరిపేయడమే.

తర్వాత వేరే ప్రయత్నాలు మొదలయ్యాయి. మలయాళ సినీరంగంలోని మహిళల సంఘం విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్ 2019లో పి.కె. రోసీ ఫిల్మ్ సొసైటీ ప్రారంభించింది. పా. రంజిత్ స్థాపించిన నీలం సాంస్కృతిక కేంద్రం దళిత చరిత్ర మాసంలో భాగంగా చెన్నైలో ఆమె పేరుతో చలనచిత్రోత్సవం జరుపుతోంది. ఊరు తరిమిన మనిషి పేరు మీద ఇప్పుడు సినిమాలు ఆడుతున్నాయి.

ఇది సంతోషించాల్సిన విషయమే, కానీ సరిపోదు. మన రెండు రాష్ట్రాల్లోనూ సురభి నాటకాల నుంచి వీధి భాగోతాల దాకా, చిందు యక్షగానాల నుంచి తొలి టాకీల దాకా వేషం కట్టిన దళిత, బహుజన స్త్రీలు ఎందరో ఉన్నారు. వాళ్ల పేర్లు పాఠ్యపుస్తకాల్లో లేవు. వాళ్లను చూసినవాళ్లు, విన్నవాళ్లు ఇంకా కొందరు బతికి ఉన్నారు. విశ్వవిద్యాలయాల్లో సినిమా, జానపద కళల మీద పరిశోధన చేస్తున్న మన విద్యార్థులు ఆ ఇళ్లకు ఇప్పుడే వెళ్లాలి, పేర్లు రాసుకోవాలి, ఫోటోలు, కరపత్రాలు భద్రపరచాలి. రోసీ విషయంలో ఆ పని మొదలయ్యేసరికి రీలు లేదు, ఫోటో లేదు, ఆమె నోటి మాటా లేదు.