దెబ్బతిన్న కిడ్నీ మళ్లీ చిగురిస్తుందా?

పొలంలో రక్తపింజరి కాటేసి ఆస్పత్రిలో చేరిన మనిషి మంచం పక్కన కూర్చున్న ఇంటివాళ్ల చూపంతా మూత్రం సంచి మీది గీతల మీదే ఉంటుంది. నిన్న 50 మిల్లీలీటర్లు, ఇవాళ 80. డయాలసిస్ మీద రెండు మూడు వారాలు గడిచాక ఓ తెల్లవారుజామున సంచి సగానికి నిండి కనిపిస్తే, ఆ ఇంటికి అంతకు మించిన పండగ లేదు. ఆగిపోయిన మూత్రం మళ్లీ ఎలా వచ్చింది? ఈ విషయం మీద ఉన్న అపోహల్లో కొన్ని మనల్ని అనవసరంగా భయపెడతాయి. కొన్ని లేనిపోని ఆశ పెట్టి ఉన్న ఎకరం అమ్మిస్తాయి.

అపోహ: కిడ్నీ ఒకసారి పాడైతే జీవితాంతం డయాలసిసే.

వాస్తవం: షుగర్, బీపీలతో ఏళ్ల తరబడి క్షీణించిన కిడ్నీ వేరు, ఉన్నట్టుండి దెబ్బతిన్న కిడ్నీ వేరు. పాముకాటు, వాంతులు విరేచనాలు, మలేరియా, విచ్చలవిడిగా మింగిన నొప్పి మాత్రల వల్ల వచ్చే హఠాత్తు దెబ్బ నుంచి చాలామంది కోలుకుంటారు. ఆ కొన్ని వారాలు ప్రాణం నిలపడానికే డయాలసిస్. డయాలసిస్ చేయించుకుంటే కిడ్నీ దానికే అలవాటు పడిపోతుందన్న భయంతో వాయిదా వేయడం ప్రాణాంతకం.

అపోహ: ఎముక మజ్జలోని మూలకణాలు వచ్చి కిడ్నీని బాగు చేస్తాయి.

వాస్తవం: 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో కొందరు శాస్త్రవేత్తలూ ఇలాగే అనుకున్నారు. 2008లో అమెరికాలో బెంజమిన్ హంఫ్రీస్, జోసెఫ్ బోన్‌వెంట్రే బృందం ఎలుకల కిడ్నీ నాళికల (మూత్రం సాగే సన్నని గొట్టాల) కణాలకు చెరగని రంగు గుర్తు పెట్టి, ఆ కిడ్నీలను గాయపరిచింది. బయటి కణాలు వచ్చి చేరితే గాయం మానాక రంగున్న కణాల వంతు తగ్గాలి. తగ్గలేదు. అంటే మరమ్మతు చేసింది నాళికలోని కణాలే.

వరి చేలో కొన్ని దుబ్బులు చచ్చిపోతే పక్క దుబ్బులు పిలకలు వేసి ఖాళీని కప్పేస్తాయి కదా, ఇదీ అంతే. నాళిక లోపలి గోడకు అంటుకున్న కణాల్లో కొన్ని చచ్చి రాలిపోతాయి. మిగిలినవి తమ రోజువారీ పని పక్కన పెట్టి, పలచబడి, ఖాళీ అయిన చోటికి పాకుతాయి. రెండుగా చీలి సంఖ్య పెంచుకుని, మళ్లీ పాత రూపానికి వస్తాయి. బతికిన ఏ కణమైనా ఈ పని చేయగలదా, లేక నాళికలోనే ప్రత్యేకమైన మూలకణాలు ఉన్నాయా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. ఇటలీలో పావొలా రొమాన్యానీ బృందం ప్రత్యేక కణాలు ఉన్నాయనే అంటోంది.

అపోహ: కాలేయంలాగే కిడ్నీ కూడా కొత్తగా పెరుగుతుంది.

వాస్తవం: ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సూక్ష్మ భాగాలు, అంటే నెఫ్రాన్లు, సుమారు 10 లక్షలు ఉంటాయి. అవన్నీ తల్లి కడుపులో దాదాపు 36వ వారానికల్లా తయారైపోతాయి. ఆ తర్వాత కొత్త నెఫ్రాన్ పుట్టదు. జీబ్రాఫిష్ అనే చిన్న చేప పెద్దయ్యాక కూడా నెఫ్రాన్లను తయారు చేసుకోగలదు, మనిషి చేసుకోలేడు. కిడ్నీ దానం చేసినవారిలో మిగిలిన కిడ్నీ పెద్దదవుతుంది కానీ, పెరిగేది ఉన్న నెఫ్రాన్ల పరిమాణమే, వాటి సంఖ్య కాదు. చేను మిగిలితేనే పిలకలు. నెఫ్రాన్ మొత్తం మచ్చగా మారిపోతే అది తిరిగి రాదు.

అపోహ: స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్‌తో కిడ్నీ జబ్బు నయమవుతుంది.

వాస్తవం: గుండె ఆపరేషన్ తర్వాత కిడ్నీ దెబ్బతిన్న 156 మందిపై ఉత్తర అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. మూలకణాలు ఎక్కించినవారు మిగతావారికంటే త్వరగా కోలుకోలేదు. బ్యాంకాక్‌లోని ఓ ప్రైవేటు క్లినిక్‌లో తన మూలకణాలే ఎక్కించుకున్న కిడ్నీ రోగి కిడ్నీలో గడ్డలు పెరిగాయని 2010లో ఓ వైద్య పత్రిక ప్రచురించింది. ఆమె బతకలేదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కిడ్నీ జబ్బుకు మూలకణాలు వాడాలంటే అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే వాడాలి. అందులో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

అపోహ: రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) మామూలుకొస్తే కిడ్నీ పూర్తిగా బాగుపడినట్టే.

వాస్తవం: కిడ్నీల శక్తి సగం తగ్గినా క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. కొన్ని కణాలు మరమ్మతు మధ్యలో ఆగిపోయి, చుట్టూ మచ్చ కట్టేలా చేస్తాయి. ఒకసారి దెబ్బతిన్నవారికి మున్ముందు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వచ్చే ముప్పు ఎక్కువ.

అందుకే సంచి నిండిందని డాక్టర్లకు దండం పెట్టి ఇంటికొచ్చాక, ఆస్పత్రి కాగితాలు అటక మీద పడేయకండి. మూడు నెలలకు క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకుని, బీపీ చూపించుకోండి. ఒళ్లు నొప్పులొస్తే మందుల షాపులో మాత్ర అడిగే ముందు ఆ కాగితాలు డాక్టరుకు చూపించండి. ఏ స్టెమ్ సెల్ ఇంజెక్షనూ లేకుండా తనంతట తాను కోలుకున్న కిడ్నీకి ఈపాటి కాపలా మనం కాయాలి.